బురదలో ఆడించే బడి వెనుక ఒక జీవితం

పోయిన జనవరిలో ఒక సోమవారం పొద్దున మా పాప వెళ్లే నర్సరీకి ఫిర్యాదు చేద్దామని బయల్దేరాను. మేముండేది లండన్ ఆగ్నేయ భాగంలో. పాపకు మూడేళ్లు. బయట మూడు డిగ్రీల చలి ఉన్నా పిల్లల్ని తోటలోకి వదులుతున్నారు. జల్లు పడుతుంటే రెయిన్‌కోటు, బూట్లు తొడిగి మరీ బురదలో ఆడిస్తున్నారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి సాక్సుల దాకా మట్టి. పైగా ఏబీసీడీలు రాయించడం లేదు. మాకు తెలిసిన ఇంకో తెలుగు వాళ్లమ్మాయి వేరే నర్సరీలో ఇరవై దాకా అంకెలు రాసేస్తోంది. పాపను అక్కడికి మార్చేద్దామని అప్పటికే ఒక మాట అనుకున్నాం.

నర్సరీ హెడ్ టీచర్ నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ఆ తర్వాత పాపకు రోజూ విటమిన్ డి చుక్కలు వేస్తున్నారా అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఏడాది లోపు వేసిన గుర్తు, తర్వాత మానేశాం. పిల్లల్ని తోటలో పెంచే పద్ధతి ఇక్కడికి దగ్గర్లోనే, డెప్ట్‌ఫర్డ్‌లో, వందేళ్ల కిందట మొదలైందని, వీలైతే మార్గరెట్ మెక్‌మిలన్ గురించి చదవమని చెప్పి పంపించారు.

ఆ రోజుల్లో మా అమ్మ ఖమ్మం జిల్లా నుంచి మా దగ్గరకు వచ్చి ఉంది. అమ్మ ముప్పై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరైంది. మనవరాలు చలిలో తడుస్తోందంటే నా పక్కనే మాట్లాడుతుందనుకున్నాను. అమ్మ మాత్రం వేరే ప్రశ్నలు వేసింది. మధ్యాహ్నం ఏం పెడుతున్నారు? తినే ముందు చేతులు కడిగిస్తున్నారా? ఒక్కొక్కరి చేతి కింద ఎంతమంది పిల్లలు? బడిలో నిద్రపోతోందా? ఏబీసీడీల ఊసే ఎత్తలేదు. వాటిలో సగానికి నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ వారమంతా రాత్రిళ్లు కూర్చుని మార్గరెట్ మెక్‌మిలన్ జీవితం చదివాను. చదివింది చదివినట్టు అమ్మకు తెలుగులో చెప్పాను. ఇక్కడ పిల్లల్ని నర్సరీకి పంపే మన కుటుంబాలన్నిటికీ అది తెలియాలనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

వలస వెళ్లి, తిరిగొచ్చిన కుటుంబం

మార్గరెట్ కూడా వలస వెళ్లిన వాళ్ల బిడ్డే. తల్లిదండ్రులు స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ ప్రాంతం నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. అక్క రేచల్ 1859లో, మార్గరెట్ 1860లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. 1865లో ఆ ఇంటి మీద పిడుగు పడినట్టయింది. తండ్రి, చిన్న చెల్లెలు చనిపోయారు. స్కార్లెట్ ఫీవర్ నుంచి మార్గరెట్ బతికి బయటపడింది కానీ వినికిడి పోయింది. మళ్లీ చెవులు వినిపించేసరికి ఆమెకు పద్నాలుగేళ్లు. చిన్నప్పుడు ఒక జ్వరం మనిషిని ఎన్నేళ్లు వెంటాడుతుందో ఆమెకు పుస్తకాల్లో చదివి తెలియాల్సిన అవసరం లేకపోయింది.

భర్త పోయాక తల్లి ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని ఇన్వర్నెస్‌లోని పుట్టింటికి తిరిగొచ్చింది. 1877లో ఆమె కూడా కన్నుమూసింది. రేచల్ అమ్మమ్మకు సేవ చేస్తూ ఉండిపోయింది. మార్గరెట్ ధనవంతుల ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్ ఉద్యోగానికి వెళ్లింది. 1888లో అక్కాచెల్లెళ్లు లండన్‌లో కలుసుకున్నారు. అప్పటికే ఇద్దరికీ సోషలిస్టు ఆలోచనల మీద నమ్మకం కుదిరింది. 1889లో ఓడరేవు కార్మికులు సమ్మె చేస్తే వాళ్ల వెంట నిలిచారు.

అదే సమయంలో మార్గరెట్‌కు జీవితం మారిపోయే అవకాశం ఒకటి వచ్చింది. పార్క్ లేన్‌లో ఉండే లేడీ మ్యూ అనే సంపన్నురాలు ఆమెను తోడుగా పెట్టుకుని, నాటకరంగంలో శిక్షణకు డబ్బు కట్టింది. మార్గరెట్‌ది మంచి గొంతు, జనాన్ని కట్టిపడేసే మాట. కానీ మే డే నాడు హైడ్ పార్క్‌లో కార్మికుల తరఫున ఉపన్యాసం ఇచ్చింది. ఆ మాట తెలిశాక ఆ ఇంటితో బంధం తెగిపోయింది. ఆ గొంతు నాటకానికి కాకుండా పిల్లలకు ఉపయోగపడింది.

స్నానం చేయించిన స్కూలు బోర్డు సభ్యురాలు

1893లో అక్కాచెల్లెళ్లు ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్ చేరుకున్నారు. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పుట్టింది ఆ ఏడాది ఆ ఊళ్లోనే. మరుసటి ఏడు ఆ పార్టీ తరఫున మార్గరెట్ స్కూలు బోర్డుకు ఎన్నికైంది. ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు లేని కాలం అది. స్కూలు బోర్డులో మాత్రం కూర్చోవచ్చు.

బోర్డు సభ్యురాలిగా బడులు తిరిగితే ఆమెకు కనబడింది చదువు సమస్య కాదు. సగం పూట మిల్లులో పనిచేసి, మిగతా సగం పూట బడిలో తూగే పిల్లలు. తల నిండా పేలు, చర్మం మీద పుండ్లు, ముక్కుతో ఊపిరి ఆడక నోరు తెరుచుకుని కూర్చునే పిల్లలు. చలికాలమంతా విప్పకుండా ఒంటి మీదే బట్టలు కుట్టేసిన పిల్లలు. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లు. ఆకలితో, దురదతో ఉన్న పిల్లాడికి ఎక్కాలు చెప్పడం డబ్బు దండగేనని ఆమె బోర్డులో వాదించింది.

ఆ వాదన నుంచే 1890ల చివర్లో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఒక బడిలో పిల్లల కోసం స్నానాల గదులు వచ్చాయి. 1899లో డాక్టర్ జేమ్స్ కెర్‌తో కలిసి ఆమె బడి పిల్లలకు వైద్య పరీక్షలు చేయించింది. బ్రిటన్‌లో జరిగిన తొలి పరీక్షల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. బడికీ ఒంటికీ సంబంధం ఏమిటి, ఒంటి సంగతి ఇంటివాళ్లు చూసుకోవాలి కదా అన్న మాట అప్పుడు గట్టిగానే వినిపించేది.

1902 చట్టంతో స్కూలు బోర్డులు రద్దయ్యాయి. ఆమె పదవి పోయింది. అప్పటికి రేచల్ కెంట్‌లో ఊరూరా తిరిగి శుభ్రత, ఆరోగ్య పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉంది. మార్గరెట్ అక్క దగ్గరకు వచ్చేసింది కానీ పోరు ఆపలేదు. రాసింది, ఊరూరా మాట్లాడింది, అధికారుల వెంట పడింది. 1906లో బడి పిల్లలకు భోజనం పెట్టడానికి స్థానిక సంస్థలకు అనుమతినిచ్చే చట్టం వచ్చింది. 1907లో బడి పిల్లల వైద్య పరీక్షలను తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఈ రెండిటి కోసం పాటుపడిన వాళ్లు చాలామంది. వాళ్లలో ముందు వరుసలో ఉన్నది మార్గరెట్.

బాగై వెళ్లి, మళ్లీ జబ్బుతో వచ్చారు

పరీక్ష చేసి జబ్బుందని కాగితం మీద రాస్తే సరిపోదు కదా. మందు ఎవరివ్వాలి? అక్కాచెల్లెళ్లు 1908లో తూర్పు లండన్‌లోని బో అనే చోట స్కూలు పిల్లల క్లినిక్ తెరిచారు. జోసెఫ్ ఫెల్స్ అనే అమెరికన్ సబ్బుల వ్యాపారి డబ్బు సాయం చేశాడు. 1910లో క్లినిక్‌ను డెప్ట్‌ఫర్డ్‌కు మార్చారు. థేమ్స్ ఒడ్డున రేవులు, పశువుల సంత, ఇరుకు సందులు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పేట అది. పళ్లు, కళ్లు, చెవులు, చర్మం అన్నీ అక్కడ చూసేవాళ్లు.

ఇక్కడే ఆమె జీవితంలో అసలు మలుపు వచ్చింది. క్లినిక్‌లో పిల్లలకు నయమయ్యేది. కొన్ని వారాలకు అదే పిల్లలు అదే జబ్బుతో మళ్లీ వచ్చేవాళ్లు. మందులో లోపం లేదు. వాళ్లు తిరిగి వెళ్లేది గాలి, వెలుతురు, నీళ్లు లేని అవే గదుల్లోకి. చికిత్స ఎంత బాగున్నా అది ఆలస్యంగా చేసే పని అని ఆమెకు అర్థమైంది.

1911లో తమ ఇంటి పెరట్లో ఆడపిల్లలకు రాత్రి శిబిరం పెట్టారు. సాయంత్రం వచ్చి, స్నానం చేసి, ఆరుబయట మంచాల మీద పడుకుని, పొద్దున తిని బడికి వెళ్లేవాళ్లు. పిల్లల ముఖాల్లో కళ వచ్చింది. అయినా ఆరేళ్ల వయసుకే నష్టం జరిగిపోతోందని అక్కాచెల్లెళ్లు గమనించారు. రికెట్స్‌తో కాళ్లు వంగేది రెండు, మూడేళ్లప్పుడే. మొదలుపెడితే అక్కడే మొదలుపెట్టాలి.

1914లో ఆరుబయటి నర్సరీ మొదలైంది. గోడల మధ్య తరగతి గదులు కాదు. పెద్ద తోట, దాని చుట్టూ ఒక పక్క తెరిచి ఉండే షెడ్లు, షెడ్డుకో స్నానాల గది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఐదు దాటేదాకా పిల్లలు అక్కడే. రాగానే ఒళ్లు కడిగి, శుభ్రమైన గౌను తొడిగేవాళ్లు. పొద్దున ఓట్స్ జావ, పాలు. మధ్యాహ్నం వేడి భోజనం. ఆ తర్వాత చిన్న మంచాల మీద నిద్ర. సాయంత్రం మళ్లీ పాలు, రొట్టె. తోటలో కూరగాయలు, వాసన మొక్కలు, పూలు, ఇసుక, నీళ్లు, ఎక్కి దిగడానికి రాళ్లూ చెక్కలూ. బరువు చూడటం, కళ్లూ పళ్లూ చూడటం చదువులో భాగమే.

వంగిన కాళ్లతో వచ్చిన చాలామంది పిల్లలు ఏడాది తిరిగేసరికి కోలుకున్నారని ఆమె తన రాతల్లో చెప్పింది. అప్పటికి విటమిన్ డి అనే పేరే లేదు. ఆ పేరు వచ్చింది 1922లో. ఎండ, పాలు, నిద్ర, శుభ్రత కలిస్తే పిల్ల నిలబడుతుందని మాత్రం ఆమె కళ్లారా చూసింది.

అక్క పేరు మీద బడి

నర్సరీ మొదలైన కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తల్లులు ఆయుధ కర్మాగారాలకు పనికి వెళ్లారు. పిల్లల్ని చూసుకునే చోటు అవసరమని అప్పుడు ప్రభుత్వానికి తోచింది. కొంత భత్యం ఇచ్చింది. పని పెరిగింది, మనుషులు లేరు, ఆకాశం నుంచి బాంబులు. ఆ శ్రమలో రేచల్ ఆరోగ్యం పాడైంది. 1917 మార్చి 25న, తన పుట్టినరోజు నాడే, ఆమె చనిపోయింది.

జీవితమంతా ముందు కనబడింది మార్గరెట్, వెనక ఉండి నిలబెట్టింది రేచల్. చెల్లెలి ఉద్యమానికి అక్క జీతం చాలాకాలం ఆధారమైంది. మార్గరెట్ ఆ నర్సరీకి అక్క పేరు పెట్టింది. 1919లో నర్సరీ స్కూల్ అన్న పుస్తకం, 1927లో అక్క జీవిత చరిత్ర రాసింది. 1923లో నర్సరీ స్కూల్ అసోసియేషన్ ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలైంది.

1918 చట్టం నర్సరీ బడులు నడపడానికి స్థానిక సంస్థలకు అనుమతి ఇచ్చింది. తప్పనిసరి చేయలేదు. కొన్నేళ్లకే ఖర్చుల కోత వచ్చి చాలా ప్రణాళికలు మూలనపడ్డాయి. తక్కువ ఖర్చుతో, శిక్షణ లేని అమ్మాయిలతో నడిపేయవచ్చన్న మాటకు ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు. రెండేళ్ల పిల్ల దగ్గర ఉండేవాళ్లకే ఎక్కువ శిక్షణ కావాలన్నది ఆమె పట్టు. దానికోసం డెప్ట్‌ఫర్డ్‌లో రేచల్ పేరుతోనే శిక్షణ కళాశాల కట్టించింది. 1930లో క్వీన్ మేరీ దాన్ని ప్రారంభించారు. మరుసటి ఏడాది మార్చిలో మార్గరెట్ కన్నుమూసింది. బ్రాక్లీ శ్మశానంలో అక్క పక్కనే ఆమెను ఖననం చేశారు.

ఆమెలో అన్నీ గొప్పలే అని చెప్పను. పేద ఇళ్ల గురించి, అక్కడి తల్లుల గురించి కొన్నిచోట్ల ఆమె రాసిన తీరు ఈరోజు చదివితే ఇబ్బందిగా ఉంటుంది. చివరి ఏళ్లలో పాత లేబర్ సహచరులకు దూరమై, కన్జర్వేటివ్ ఎంపీ నాన్సీ ఆస్టర్ సాయం తీసుకుంది. దాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. కానీ తోట నడవాలంటే డబ్బు కావాలి.

అమ్మ చూసిన డెప్ట్‌ఫర్డ్

ఒక శనివారం అమ్మను తీసుకుని డెప్ట్‌ఫర్డ్ వెళ్లాను. మెక్‌మిలన్ వీధిలో రేచల్ మెక్‌మిలన్ నర్సరీ స్కూల్ ఇప్పటికీ నడుస్తోంది. సెలవు కాబట్టి బయటి నుంచే చూశాం. అమ్మ చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత తన సెంటర్ గురించి చెప్పడం మొదలుపెట్టింది.

మన దేశంలో ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైంది. అంగన్‌వాడీ అంటే ఇంటి ముందు వాకిలి, ముంగిలి అన్న అర్థంలో వచ్చిన పేరు. అమ్మకు ఇచ్చింది మాత్రం కిటికీ లేని ఒక అద్దె గది. వానాకాలం తప్ప మిగతా రోజులన్నీ పిల్లల్ని ఎదురుగా ఉన్న వేపచెట్టు కిందకు తీసుకెళ్లేది. నెలనెలా తూకం వేసి గ్రోత్ చార్టులో చుక్క పెట్టేది. చుక్క కిందకు జారితే ఆ ఇంటికి వెళ్లేది. గుడ్లు ఆలస్యంగా వచ్చిన నెలలో ఏ పిల్లకు ముందు పెట్టాలో తేల్చుకోలేక ఏడ్చిన రోజుందని నాకు మొదటిసారి చెప్పింది. పై నుంచి వచ్చిన అధికారి ఆ చార్టు చూడకుండా పిల్లలతో అ ఆలు చెప్పించుకుని వెళ్లిపోయాడట. అది మాత్రం ఇప్పటికీ మరిచిపోలేకపోతోంది.

నేనూ ఆ అధికారిలాగే నర్సరీకి వెళ్లానని అప్పుడు తట్టింది.

మనం అడగాల్సినవి

ఆ తర్వాత పాపకు జీపీ దగ్గర రక్తపరీక్ష చేయించాం. విటమిన్ డి తక్కువగా ఉంది. కొంతకాలం మందు మోతాదు, ఆపైన రోజూ చుక్కలు అన్నారు. బ్రిటన్‌లో అక్టోబర్ నుంచి మార్చి మొదలుదాకా ఉండే ఎండ ఒంట్లో విటమిన్ డి తయారవడానికి చాలదు. మన చర్మ ఛాయకు వేసవిలోనూ ఎక్కువ ఎండ కావాలి. అందుకే ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 మైక్రోగ్రాములు ఇవ్వమని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. తోటలో ఆడితే ఒళ్లు గట్టిపడుతుంది, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. చుక్కలు మాత్రం ఇంట్లో మనమే వేయాలి.

ఇంగ్లండ్‌లో నర్సరీలకు ఇప్పుడు రాతపూర్వక ప్రమాణాలున్నాయి. రెండేళ్ల లోపు ముగ్గురు పిల్లలకు ఒకరు, రెండేళ్ల పిల్లలు ఐదుగురికి ఒకరు ఉండాలి. మూడు దాటితే ఎనిమిది మందికి ఒకరు, అర్హత గల టీచర్ దగ్గరుంటే 13 మంది దాకా. పిల్లలు తింటున్నంతసేపు చిన్నపిల్లల ప్రథమ చికిత్స నేర్చినవారు ఆ గదిలో ఉండాలి. 2025 సెప్టెంబర్ నుంచి నర్సరీ భోజనానికి కొత్త పోషకాహార మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి. ద్రాక్షపళ్లు నిలువుగా కోసే పెట్టాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, జీడిపప్పు గింజలుగా ఇవ్వకూడదు. డబ్బాలో పల్లీ చిక్కీ పెట్టి పంపే అలవాటు ఉంటే మానుకోవాలి.

మీ పిల్లకు నర్సరీ చూడటానికి వెళ్లినప్పుడు వారం మెనూ చూపించమనండి. పప్పన్నం తినే పిల్లకు, మాంసం తినని పిల్లకు బదులుగా ఏం పెడతారో అడగండి. ఐరన్, ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి. చేతులు ఎప్పుడు కడిగిస్తారు, ఎక్కడ పడుకోబెడతారు, రోజులో ఎంతసేపు బయట ఉంటారు, ఒక్కొక్కరి దగ్గర ఎంతమంది ఉంటారు అన్నవి అడగండి. అంకెల సంగతి చివర అడిగినా ఏమీ కాదు.

పాపను నర్సరీ మార్చలేదు. అమ్మ ఊరికి వెళ్లే ముందు మనవరాలి ఎత్తు, బరువు రాసుకోవడానికి వంటగది తలుపు వెనక ఒక కాగితం అంటించింది. గ్రోత్ చార్టే, చేత్తో గీసింది. ప్రతి నెలా మొదటి ఆదివారం అందులో నేను చుక్క పెట్టి ఫొటో తీసి పంపాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఖమ్మం నుంచి ఫోన్ వస్తుంది.